తెర నిలిచినప్పుడు తప్పెవరిది?

ఇంటిలో నొక వస్తువు సరిగా పనిచేయనప్పుడు మనలో పెక్కుమంది మొదట వెదకునది కారణమును గాదు, నిందింపదగిన మనుష్యుని. కుండ పగిలినచో కోడలిది తప్పు. దీపమారినచో పిల్లలది తప్పు. ఈ యలవాటు మనకు పూర్వులనుండి వచ్చినది. ఇప్పుడు మన యిండ్లకు క్రొత్తగా వచ్చిన స్మార్టు టీవీయు, గాలిగుండ దానికి పాఠములను, పాటలను అందించు వైఫై పెట్టెయు ఈ పాత యలవాటునకు క్రొత్త యవకాశము కల్పించినవి. తెరమీది బొమ్మ నిలిచిపోయి చిన్న చక్రమొకటి గిరగిర తిరుగుట మొదలుపెట్టగనే యింటిలో నెవరో యొకరు దోషి యగుదురు. ఆ దోషి సాధారణముగా పదునాలుగు పదునైదేండ్ల విద్యార్థియే యగుచుండుట నేను గమనించితిని. కావున నీ విషయమును మన పాఠశాల వార్షిక సంచికలో వ్రాయుట యనుచితము కాదని తలచుచున్నాను.

గత సంవత్సరము కార్తీకమాసమున నొక రైతు నాయొద్దకు వచ్చెను. ధరూరునకు దగ్గరనే యొక పల్లె ఆయనది. కుమారుడు పదవ తరగతి చదువుచుండెను. బాలుని చదువుకొరకే ఆయన అప్పుచేసి గోడకు తగిలించు స్మార్టు టీవీని కొనెను. ఇంటికి ఫైబరు తీగ పెట్టించెను. గణితమును, భౌతికశాస్త్రమును కుమారుడు పెద్ద తెరమీద చూచి నేర్చుకొనునని యాశించెను. మూడు నెలలు బాగుగనే నడిచినది. పిమ్మట ప్రతి సాయంకాలమును పాఠము నడుమ బొమ్మ నిలిచిపోవుచు వచ్చెను. "సారూ, నేను కొనిచ్చిన ఫోనే నా కొంప ముంచింది. వీడు అండ్ల ఆటలాడి నెట్టంత తింటుండు. ఇంట్ల అడుగుపెట్టంగనే టీవీ ఆగుతది. మీరన్న జెర బుద్ధి చెప్పుండ్రి" అని ఆయన మిక్కిలి దుఃఖముతో పలికెను. రెండుమార్లు వానిని కొట్టితినని కూడ చెప్పెను.

నేను బాలుని పిలిపించి నలుగురి యెదుట మందలించితిని. వాడు తలవంచుకొని యొక్క మాట మాత్రమే యనెను: "నేను ఫోను ముట్టకున్నా ఆగుతది సార్." ఆ మాటను నేను సాకుగా నెంచితిని. విద్యార్థి చెప్పిన యుత్తరము తప్పని తోచినప్పుడు, వాడా యుత్తరమునకు ఏ త్రోవను వచ్చెనో మొదట అడిగి తెలిసికొనవలెనని శిక్షణ కళాశాలలో మాకు బోధించియుండిరి. ఆ బోధ నాకానాడు జ్ఞాపకమునకు రాలేదు.

రెండు వారముల తరువాత మరియొక పనిమీద ఆ పల్లెకు వెళ్లి, వారియింట తేనీరు త్రాగుచుండగా నా కన్నులయెదుటనే బొమ్మ నిలిచిపోయినది. బాలుడప్పుడు ఇంటిలో లేడు. పశువులకు మేత వేయుటకు దొడ్డికి పోయియుండెను. వాని ఫోను చార్జింగు లేక ఆరిపోయి గూటిలో పడియుండెను. తండ్రియు నేనును ఒకరి ముఖము నొకరము చూచుకొంటిమి. ఆ క్షణమున నాకు కలిగిన సిగ్గును వర్ణింపబోను.

మన ప్రాంతపు రైతునకు నీటి సంగతి యొకరు చెప్పనక్కరలేదు. జూరాల జలాశయపు వెనుకనీటిని జవహర్ నెట్టెంపాడు పథకము పైకెత్తి గుడ్డెందొడ్డి జలాశయమునకు చేర్చును. అచ్చటనుండి మరల ఎత్తి ర్యాలంపాడునకు పంపును. ఆ పిమ్మట కాలువలు, పిల్లకాలువలు, తూములు. చివరి మడి యెండినప్పుడు రైతేమి చేయును? ఎగువ పొలమువానిని తిట్టుట నిజమే. కాని తిట్టిన తరువాతనైనను పార భుజముమీద వేసికొని కాలువవెంట నడుచును. తన తూమువద్ద నీరున్నదా? ఉన్నయెడల లోపము తన పొలములోనే యున్నది. అచ్చట లేదా? పిల్లకాలువ మొదటివరకు పోయి చూచును. అచ్చటను లేకున్న పెద్దకాలువ. అదియు నెండినచో పంపులు ఆగినవని తెలిసికొని తిరిగి వచ్చును. ఎచ్చట నీరుండి, ఎచ్చట లేకపోయెనో ఆ రెంటి నడుమనే లోపమున్నదని వానికి ఏ గ్రంథమును నేర్పనక్కరలేదు. అట్టి వివేకవంతుడే తన యింటిలోని టీవీ యాగినప్పుడు కాలువవెంట నడువక కుమారుని కొట్టుట వింతగాదా? ఆ మాట ఆయనతో నంటిని. "ఇండ్ల కాలువ యాడుంది సారూ? అంత గాలేనాయె" అనెను. ఆ యుత్తరములోనే చిక్కంతయు నున్నది. కంటికి కనబడని కాలువవెంట నడుచుట ఎట్లు?

కాలువ కలదు, దానిలో మూడు భాగములు గలవు. సర్వీసు కంపెనీవారి కార్యస్థానమునుండి మన యింటి పెట్టెవరకు వచ్చు గాజుతీగ మొదటిది. పెట్టెనుండి టీవీవరకు గాలిలో సాగు తరంగముల దారి రెండవది. టీవీ లోపలి యంత్రము మూడవది. ఈ మూడింటిలో లోపము దేనియందున్నదో తెలియక చేయు చికిత్సయంతయు చీకటిలో రాయి విసరుటవంటిది. తెలిసికొనుటకు కావలసిన పనిముట్టు ప్రతి యింటను నున్నది. అది సెల్లుఫోను. ఏ ఫోనును మనము దోషిగా నిలువబెట్టితిమో అదియే సాక్షిగా పనికివచ్చును.

అయితే సాక్షిని పిలుచుటకు ముందు ఒక జాగ్రత్త పడవలయును. ఫోనులోని మొబైలు డేటాను ఆపివేసి, వైఫై మాత్రమే యుంచవలెను. లేనిచో వైఫై బలహీనమైన చోట ఫోను తన సొంత డేటాను వాడుకొని, అంతయు బాగున్నదని అబద్ధసాక్ష్యము చెప్పును. నేనే యొకసారి ఇట్లు మోసపోయితిని. మరియొక సంగతి: అనేక పెట్టెలు రెండు పేర్లతో రెండు విధముల తరంగములను వెలువరించును, టీవీ ఏ పేరుతో కలిసియున్నదో ఫోనును ఆ పేరుతోనే కలుపవలెను.

ఆనాడు మేము అట్లే చేసితిమి. పెట్టె ప్రక్కన నిలిచి వేగమును కొలిచినప్పుడు సెకనుకు ముప్పది మెగాబిట్లకు పైగా వచ్చినది. అనగా గాజుతీగలో లోపము లేదు. ఎగువ కాలువ నిండుగనే పారుచున్నది. లోపలిగదిలో టీవీ క్రింద నిలిచి కొలువగా రెండో మూడో వచ్చినది; మరల కొలువగా అదియు రాలేదు. టీవీ యంత్రమును అనుమానించుట కప్పుడు కారణమేమియు లేదు. దానికి చేరుచున్న నీరే లేదు. లోపము నడుమనున్న గాలిలోనే. నడుమ ఏమున్నదో అప్పుడు చూచితిమి.

ఆ యిల్లు పాత మిద్దె. రాయి, మట్టి కలిపి కట్టిన గోడలు రెండడుగుల మందము. ముందుగదిలో స్విచ్చుబోర్డు క్రిందనే, నేలమీద, పెట్టె యుండెను. దానికి ముందు ఆ మాసముననే కోసి నూర్చి తెచ్చిన వడ్లబస్తాలు మనిషి యెత్తున పేర్చబడియుండెను. బస్తాల ప్రక్కన ఇనుపబీరువా. ఎన్నినాళ్లనుండి టీవీ యాగుచున్నదని నేనడుగగా తండ్రి, "ఫోను కొన్నప్పటిసంది" అనెను. వాకిటినుండి తల్లి, "వడ్లు ఇంట్లకొచ్చినప్పటిసంది" అనెను. విచారింపగా రెండును ఒక్క వారమున జరిగినవే. తండ్రి చూచినది నిజమే, తల్లి చూచినదియు నిజమే. ఆమె మాట నంతవరకు ఎవరును అడుగలేదు.

తరంగముల సంగతి పై తరగతుల విద్యార్థులు పుస్తకములో చదివినదే. 1895వ సంవత్సరమున కలకత్తాలో ఆచార్య జగదీశచంద్ర వసు కంటికి కనబడని తరంగములను గోడగుండ పంపి, ఆవలి గంటను మ్రోగించి, తుపాకిమందును అంటించి చూపెను. నేటి వైఫై తరంగములు ఆ జాతివే. వాటికి 1997వ సంవత్సరమున మొదటి ప్రమాణము ఏర్పడినది; వైఫై యను పేరు 1999లో వచ్చినది. మన దేశమున 2.4 గిగాహెర్ట్జు తరంగములను లైసెన్సు లేకయే వాడుకొనుటకు 2005లో అనుమతి కలిగినది. 5 గిగాహెర్ట్జు తరంగములకు ఆ యనుమతి 2018లో విస్తరింపబడినది. మొదటిదాని తరంగదైర్ఘ్యము సుమారు 12 సెంటీమీటర్లు, రెండవదానిది సుమారు 6. పొడుగుదానికి వేగము తక్కువ, గోడలు దాటు శక్తి యెక్కువ. పొట్టిదానికి వేగమెక్కువ, గోడయెదుట త్వరగా నీరసించును. రెంటికిని ఇనుము శత్రువే; తగిలినచో వెనుకకు మరలును. రెంటిని నీరు పీల్చుకొనును. పచ్చి యారని ధాన్యములో నీరుండును. మనుష్యుని దేహములో మరింత యుండును.

ఇప్పుడు ఆ యింటి సాయంకాలమును ఊహింపుడు. పగలంతయు పొలమున నున్నవారు ఇల్లు చేరుదురు. తరంగము గోడను, బస్తాలను దాటి, బీరువా యంచున ఒరసికొని ఏదో యొకరీతిగా టీవీని చేరుచుండగా, నలుగురు మనుష్యులు వచ్చి నడుమ కూర్చుందురు. అంచుమీద నున్నది జారిపడుటకు అంతకన్న నేమి కావలెను? అంతేగాక సాయంకాలమున ఇరుగుపొరుగు పెట్టెలన్నియు పనిలో నుండును. 2.4 గిగాహెర్ట్జులో ఒకదానితో నొకటి కలియని దారులు 1, 6, 11 అను సంఖ్యలు గల మూడే. పల్లెలో ఇది యంత బాధకాదు గాని, గద్వాలవంటి పట్టణమున గోడకు గోడ తగిలిన యిండ్లలో ఇదియే పెద్ద బాధ.

బాలుని మీదికి నింద వచ్చుటకు మరియొక సూక్ష్మమైన కారణమున్నది. దీనిని తల్లిదండ్రులు తప్పక గ్రహింపవలెను. టీవీ తనకు వచ్చిన బొమ్మను వచ్చినట్లే చూపదు. కొన్ని సెకనులకు చాలునంత ముందుగనే తెచ్చుకొని దాచుకొనును. మిద్దెమీది నీళ్లతొట్టివంటిదన్నమాట. మోటారు ఆగినను తొట్టిలో నీరున్నంతవరకు కొళాయి పారుచునే యుండును. తొట్టి యెండినప్పుడే మోటారు ఆగిన సంగతి మనకు తెలియును. అట్లే తరంగము తెగిన క్షణమున బొమ్మ నిలువదు. కొంచెము తరువాత నిలుచును. ఆ కొంచెము తరువాత ఎవడు గదిలోనికి అడుగుపెట్టునో వానిమీద దృష్టి పడును. వాడు చేతిలో ఫోనుతో వచ్చెనా, ఇక సాక్ష్యము వేరుగ నక్కరలేదు! ప్రతి సాయంకాలము ఆడుకొని అదే వేళకు ఇల్లు చేరు బాలుడు ప్రతి సాయంకాలము పట్టుబడుచునే యుండును. ఫోనులో ఆటలాడినంతమాత్రమున నెట్టు హరించిపోదు. సాధారణముగా అట్టి ఆటలు వాడుకొను డేటా, తెరమీది బొమ్మ వాడుకొనుదానిలో చాల కొద్ది భాగము. పెద్ద ఆటను క్రొత్తగా దింపుకొనునప్పుడు మాత్రము మాట వేరు.

మేము పెట్టెను నేలమీదినుండి తీసి, పూర్వము దీపము పెట్టుచుండిన యెత్తైన గూటికి సమీపమున, నడిమి గుమ్మముపైన, మేకు కొట్టి తగిలించితిమి. గాజుతీగ మిగులు చుట్టలుగా నుండెను గనుక చాలినది. కరెంటు తీగకు మాత్రము ఇంకొక మూర కావలసివచ్చినది. అంతే. గోడను దాటవలసిన తరంగము ఇప్పుడు గుమ్మమునుండియే పోవుచున్నది. టీవీ క్రింద కొలువగా పదునెనిమిది వచ్చినది. బొమ్మ స్పష్టముగా నడుచుటకు సుమారు 5 మెగాబిట్లు చాలును.

ఈ సందర్భమున నా సొంత యింటి సంగతి యొకటి చెప్పకున్న న్యాయము కాదు. పోయిన వేసవిలో గాలివానకు రెండు దినములు కరెంటు పోయి వచ్చిన తరువాత మా టీవీ వైఫైతో కలిసినట్లే చూపుచు, ఏ పాఠమును, ఏ కీర్తనను తెరువకుండెను. నేను వారము దినములు కంపెనీవారి మనుష్యునికి ఫోనుచేసి కోపముగా మాటాడితిని. అతడు రెండుమార్లు ఎండలో మోటారు సైకిలుమీద వచ్చి, తన తీగ బాగుగనే యున్నదని ఓర్పుతో చెప్పి పోయెను. తుదకు మా యింటి చిన్నపిల్ల, టీవీలో తేది తప్పుగా నున్నదని చూపించెను. కరెంటు పోయినప్పుడు దాని గడియారము ఎన్నియో యేండ్లు వెనుకకు పోయినది. ఇంటర్నెట్టులోని ప్రతి స్థానమును తాను నిజమైనదని చూపుకొనుటకు ఒక ధ్రువపత్రమును కలిగియుండును. దానికి ఆరంభదినమును, అంత్యదినమును గలవు. గడియారము తప్పిన టీవీకి ఆ పత్రములన్నియు ఇంకను పుట్టనివిగా తోచి, దేనిని నమ్మక త్రోసివేయుచుండెను. తేది దిద్దగనే అన్నియు తెరచుకొన్నవి. ఆ మనుష్యునికి క్షమాపణ చెప్పుటకు ఫోనుచేయగా అతడు నవ్వి, ఇట్టివి తనకు నెలకు నాలుగైనను తగులుచుండుననెను.

కావున ఫోను టీవీ ప్రక్కన బాగుగా పనిచేసి, టీవీ మాత్రము పనిచేయనప్పుడు మూడవ భాగమును చూడవలెను. రిమోటుతో ఆపుట ఆపుట కాదు; గోడలోని ప్లగ్గు తీసి, ఒక నిమిషము ఆగి మరల పెట్టవలెను. తేదిని చూడవలెను. పాస్‌వర్డు మార్చియుంటిమేమో తలచుకొని, వైఫై పేరును మరచిపొమ్మని చెప్పి మరల క్రొత్తగా కలుపవలెను. టీవీ వెనుక తగిలించిన హార్డుడిస్కును తీసి చూడవలెను. వాటిలో కొన్ని 2.4 గిగాహెర్ట్జు దారిలో రొద చేయును. లోపల చోటు నిండినచో వాడని యాపులను తీసివేయవలెను. ఒక్కొక్క మార్పును చేసి, ఒక్కొక్కసారి పరీక్షింపవలెను. నాలుగు మార్పులు ఒకేసారి చేసినవానికి టీవీ బాగుపడినను, ఏది బాగుచేసెనో తెలియదు. మరల చెడినప్పుడు వాడు మొదటి చోటనే నిలుచును.

పెట్టె ప్రక్కనే ఫోను పనిచేయనిచో పెట్టెమీది దీపములను చూడవలెను. ఎఱ్ఱదీపము వెలుగుచున్నచో వెలుపలి గాజుతీగలో లోపమున్నది. అది కంపెనీవారి పని. గాజుతీగను వంచి మేకులకు చుట్టరాదు. వంపు తీవ్రమైనచో లోపలి కాంతి వెలుపలికి జారిపోవును. విద్యార్థులకు ప్రత్యేకముగా చెప్పుచున్నాను: తెగిన తీగ చివరను కంటియొద్ద పెట్టుకొని చూడకుడు. దానిలో పోవు కాంతి కంటికి కనబడదు గాని కంటికి కీడుచేయగలదు.

ఇంతవరకు పరీక్ష సంగతి. ఇక నా యభిప్రాయములు రెండు మూడు నిర్మొగమాటముగా చెప్పుదును.

గోడకు మేకులు కొట్టి తగిలించిన టీవీ ఎచ్చటికిని నడువదు. నడువని వస్తువునకు గాలిదారి యేల? తిరుగు ఫోనుకు గాలి, నిలిచిన టీవీకి తీగ, ఇదియే క్రమము. చాల టీవీల వెనుక లాను తీగకు రంధ్రముండును. అది చాలవరకు 100 మెగాబిట్లదే యైనను మన పనికి ఇరువది రెట్లు ఎక్కువ. తీగకు బస్తాలును, బీరువాలును, చుట్టములును అడ్డము కారు. అందముకొరకు తీగ వలదని, తరువాత ప్రతిదినమును తిరుగు చక్రమును చూచుచు కూర్చుండుట నాకు తెలివిగా తోచదు. ఆ రైతునకు కూడ నేను మొదట తీగయే చెప్పితిని. గోడ రెండడుగుల రాయి యగుటచేత ఆయన ఒప్పుకొనలేదు.

రెండవది, టీవీ యాగినప్పుడెల్ల ఎక్కువ వెలగల ప్లానునకు మారువారిని చూచుచున్నాను. కాలువ పూడియుండగా జలాశయము ఎత్తు పెంచుటవలె నున్నది. ముప్పది మెగాబిట్లు పెట్టెవరకు వచ్చి, రెండే టీవీని చేరుచున్న యింటికి నూరు తెచ్చినను చేరునవి ఆ రెండే. నెలకు రెండువందలు మూడువందలు అధికముగా నిచ్చుట కూలిచేసికొను కుటుంబమునకు చిన్నసంగతి కాదు. ఫోనుతో నింటిలో నడచి చూచుటకు కాసైనను ఖర్చు లేదు.

పెద్దలలో కొందరు, మరి ముఖ్యముగా మన సంఘపు పెద్దలలో కొందరు, నాతో నిట్లందురు: "టీవీ ఆగినచో ఆగనీయుడు, పిల్లలకు మేలే." వారి భయము ఊరక పుట్టినది కాదు, తెరయెదుట కూర్చుండి చెడిన గంటల లెక్క నాకును తెలియును. అయినను ఆపదలచినవాడు చేతితో ఆపవలెను, వేళ చెప్పి ఆపవలెను. వడ్లబస్తా యాపినదానిని క్రమశిక్షణ యనరాదు. అదియుగాక నేడు తెరను వినోదమునకే యనుటకు వీలులేదు. 2020 సెప్టెంబరు 1వ తేదీన బడులు మూతపడియుండగా ప్రభుత్వము టీశాట్, దూరదర్శనములగుండ పాఠములు మొదలుపెట్టినప్పుడు, టీవీ యున్న యింటి పిల్లలును, లేని యింటి పిల్లలును వేరైపోవుట మనమందరము చూచితిమి. అప్పటి పాఠములు ఆకాశమునుండి అందరికి ఒకేసారి కురియు వానవంటివి. ఇంటిలో వైఫై లేకున్నను ఆగలేదు. ఇప్పటివి ఎవరి కాలువలో వారికి వచ్చునవి. మిషన్ భగీరథ మంచినీటి గొట్టములకు త్రవ్విన కందకములవెంట గాజుతీగ గొట్టములను కూడ వేసిరి. 2024 డిసెంబరు 8వ తేదీన టీఫైబరు సేవలను మొదట మూడు గ్రామములలో ఆరంభించిరి. వానిలో మద్దూరు మనకు పొరుగున నున్న నారాయణపేట జిల్లాలోనిది. టీవీనే కంప్యూటరుగా వాడుకొనుట అందలి యుద్దేశములలో నొకటి. ఆ తీగ మన పల్లెలన్నింటికి వచ్చునాటికి, ఇంటిలోపలి నాలుగు గజముల గాలిదారిని కాచుకొనుట మనకు తెలియకున్న, వీధివరకు వచ్చిన విద్య గుమ్మమువద్ద నిలిచిపోవును.

ఇందుకొరకు మన పాఠశాలలో భౌతికశాస్త్రపు గంటలలో రెంటిని ప్రత్యేకింపవలెనని నేను తోటి యుపాధ్యాయులను కోరుచున్నాను. పరావర్తనము, శోషణము అను మాటలకు నిర్వచనములు కంఠస్థము చేయించుచున్నాము. తొమ్మిదవ తరగతి బాలిక యొకతె, నేను తరగతిలో ఒకసారి ఈ సంగతి చెప్పగా, ఇంటికి పోయి, ఫోనుతో గదిగదికి తిరిగి, వంటింటిలో ఇత్తడి బిందెల బండవెనుక సంకేతము పడిపోవుచున్నదని పటము గీసి తెచ్చినది. ఆ పటములో నేను నేర్పినది కొంచెమే. ఆమె కనుగొన్నది చాలయున్నది. అట్టి పటమును ప్రతి విద్యార్థియు తన యింటికి గీయవచ్చును. పాస్‌వర్డును కుమారునకు చెప్పి కుమార్తెకు చెప్పని యిండ్లున్నవని నేనెరుగుదును. ఆ యిండ్లవారు ఆ పటమును ఒకసారి వచ్చి చూడవలెనని నా కోరిక.

ఆదివారపు బడిలో మనము చెప్పు కథ యొకటి నాకు తరచుగా జ్ఞాపకము వచ్చుచుండును. యెరూషలేము ప్రాకారములు కూలియున్నవని విని వచ్చిన నెహెమ్యా వెంటనే ఎవరిని నిందింపలేదు. రాత్రివేళ కొద్దిమందిని వెంటబెట్టుకొని గోడలవెంట తిరిగి, ఎచ్చట కూలినది, ఎచ్చట నిలిచినది కన్నులార చూచెను. ఆ పిమ్మటనే పెద్దలతో మాటాడెను. ఆ కథను నేను ఎన్నిమార్లు పిల్లలకు చెప్పితినో లెక్కలేదు. ఆ బాలుని మందలించిన దినమునకు ముందటి ఆదివారము కూడ చెప్పితిని.

ఆ బాలునికి నేను తరగతిలోనే, మందలించిన చోటనే, ఆ నలుగురి యెదుటనే నా తప్పు ఒప్పుకొంటిని. వాడు "పర్వాలేదు సార్" అని కూర్చుండెను. తండ్రి ఏమనెనో నాకు తెలియదు, నేనడుగలేదు. ఈ యేడు పంట మరల ఇల్లు చేరినది. మొన్న వారియింటికి పోగా బస్తాలు పోయిన యేటికన్న ఎత్తుగా, గుమ్మమునకు మాత్రము అడ్డము లేకుండ, గోడవారగా పేర్చియుండెను. తల్లి పేర్పించినదట. బాలుడు కాలేజీకి గద్వాల పోవుచున్నాడు. వాని చెల్లెలు లోపలిగదిలో పాఠము చూచుచుండెను.